మా ఆదివారపు గోష్ఠి మినిట్స్

పోయిన నెల మా అపార్టుమెంటు సంఘం మీటింగుకి వెళ్లాను. ఎనభై దాటినదాన్ని, అక్కడ నా మాట వినేదెవరు గానీ, లిఫ్టు చెడిపోయినప్పుడూ ఈ మీటింగప్పుడూ తప్ప పక్క ఫ్లాటువాళ్ల మొహాలు కనబడని రోజులు కదా, హిమాయత్‌నగర్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నందుకు నలుగురినీ చూసినట్టుంటుందని కర్ర పట్టుకుని కిందికి దిగాను. సెక్రటరీగారు ఫోను చూసుకుంటూనే, పోయిన మీటింగు మినిట్స్ చదివినట్టే అనుకుందామా అని అడిగారు. అందరూ తలలెత్తకుండానే ఊఁ అన్నారు. అంతటితో ఆ పని అయిపోయింది.

తరువాత వాచ్‌మన్ జీతం పెంచాలా వద్దా అన్న విషయం వచ్చింది. గేటు దానంతటదే తెరుచుకుంటున్నప్పుడు అతను కొత్తగా చేస్తున్న పనేమిటని ఒకాయన అడిగాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక్క గది, ఈ ధరల్లో వాళ్లు ఏం తిని బతుకుతారని ఒకావిడ అంది. మనం ఇవ్వకపోతే పక్క బిల్డింగువాళ్లు ఎగరేసుకుపోతారని మూడో ఆయన హెచ్చరించాడు. ముప్పై ఏళ్లు కోఠీలో ఆడపిల్లలకు అర్థశాస్త్రం చెప్పినదాన్ని, వేతన సిద్ధాంతాలు మూడింటిని ఈ ముగ్గురూ తమకు తెలియకుండానే అప్పజెప్పారని లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. చదివినట్టే అనుకుందామన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఆ ఒక్క మాట అరవైల మొదట్లో, నాంపల్లిలో, మేం కిరాయికున్న ఇంటి యజమాని దివాన్ఖానాలో, అంటే ముందరి పెద్ద గదిలో, ఎవరైనా అని ఉంటే మా అమ్మకు తమ్ముడు మిగిలేవాడు. నా బతుకు ఇంకో దారిన పోయి ఉండేది. అనవలసినవాళ్లలో నేనే మొదటిదాన్ని కనుక ఎవరిని తిట్టుకోవాలో కూడా నాకు బాగానే తెలుసు.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, గుంటూరులో అర్థశాస్త్రం లెక్చరరుగా ఉన్న మా నాన్నగారికి ఈ ఊరు బదిలీ అయింది. నాంపల్లి స్టేషను వెనక ఒక పాత రాతి ఇంట్లో సగం వాటా కిరాయికి తీసుకున్నాం. కిరాయి అన్న మాట మా అమ్మకు నోరు తిరగడానికే ఏడాది పట్టింది. ఇంటివారు కరీంనగర్ వైపునుంచి వచ్చి ఇక్కడి కోర్టుల్లో పేరు తెచ్చుకుని వృత్తి విరమించిన వకీలు. భార్య పోయిన ఒంటరి మనిషి, మేమంతా తాతగారు అని పిలిచేవాళ్లం. ఆంధ్రావాళ్లకు ఇల్లిచ్చాడని వీధిలో కొందరు ఆయన్ని దెప్పేవారట. ఆయన ఆ మాట మాతో ఏనాడూ అనలేదు, ఇతరుల ద్వారా ఎప్పుడో తెలిసింది.

మరో ఏడాదికి మా మామయ్య, అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, ఆబిడ్స్‌లో ఒక బీమా కంపెనీ ఆఫీసుకు బదిలీ మీద వచ్చి మాకు రెండు వీధుల అవతల కాపురం పెట్టాడు. అమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. పదహారో ఏట తండ్రి పోతే మామయ్య అక్క ఇంటికే వచ్చి, ఆరేళ్లు అక్కడే తిని, అక్కడే చదువుకుని, ఉద్యోగం వచ్చి పెళ్లయ్యాకే కదిలినవాడు. నేను పుట్టకముందు సంగతి అది. నాన్నగారు అతన్ని ఏరా అనే పిలిచేవారు. మామయ్య నోట బావగారూ అన్న పిలుపు తప్ప మరొకటి వచ్చేది కాదు. అతను తెల్లవారకముందే లేచి నూతిలో నీళ్లు తోడేవాడనీ, పాలకోసం మైలు దూరం నడిచేవాడనీ, పరీక్ష పేపర్ల కట్టలు తలమీద పెట్టుకుని బావగారి వెనకాలే నడిచేవాడనీ అమ్మ ముచ్చటగా చెప్పేది. ఇంట్లో పిల్లవాడు పనిచేస్తే దానికి పేరెవరు పెడతారు? అప్పటికి మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు.

ఇక గోష్ఠి సంగతి చెప్పాలి. టీవీలు లేని రోజుల్లో ఆదివారం పొద్దున మగవాళ్లు ఏం చేసేవారో నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా తాతగారి దివాన్ఖానాలో పదింటికి పాతిక మంది దాకా చేరేవారు. లెక్చరర్లు, వకీళ్లు, సెక్రటేరియట్ గుమాస్తాలు, ఇద్దరు రైల్వేవాళ్లు, ప్రెస్సులో పనిచేసే ఒక కంపోజిటరు. మొదట్లో అన్ని విషయాలూ మాట్లాడుకునేవారు గానీ, మా నాన్నగారు, మామయ్య ఉన్నచోట ఏ విషయం ఎత్తుకున్నా చివరికి ఆ రెండు ప్రశ్నల దగ్గరికే చేరేది: లాభం ఎవరిది, కూలి ఎంతో తేల్చేది ఎవరు?

నాన్నగారిది ఇంగ్లండు పండితుల దారి. పనిలో చివర చేర్చిన మనిషివల్ల ఎంత పెరిగితే కూలి అంత, అంతకన్నా ఎక్కువ అడగడం ధర్మం కాదు, తక్కువ ఇవ్వడం సాధ్యం కాదు అనేవారు. నలుగురు కూర్చుని పప్పు రుబ్బుతున్న రోటి దగ్గరికి ఐదో మనిషి వస్తే పప్పు పెరగదు, మాటలే పెరుగుతాయి అని ఆయన ఉదాహరణ. లాభమంటే రేపు ఏమవుతుందో తెలియకుండా ఈవేళ డబ్బు పెట్టి ఓపికపట్టినవాడికి వచ్చే ప్రతిఫలం. మామయ్య ఆఫీసు యూనియన్‌కి కార్యదర్శి, అతనిది గడ్డపు జర్మను పెద్దాయన దారి. కూలివాడికి బతకడానికి చాలినంత పడేసి, అతను దానికి మించి చేసిన పనినంతా యజమాని జేబులో వేసుకోవడమే లాభమనేవాడు. నాంపల్లి స్టేషను కూలీని చూపించి, ఓపికపట్టడానికే ప్రతిఫలమిచ్చేటట్టయితే బండి రాక కోసం మూడు గంటలు ఎండలో కూర్చున్న ఇతను కోటీశ్వరుడు కావాలి కదా బావగారూ అని అడిగేవాడు. దివాన్ఖానా ఘొల్లుమనేది. నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు, అంటే జవాబు తయారవుతోందన్నమాట.

అక్కడ మరో తమాషా ఉండేది. స్టేషను పక్కనే కనుక ఇంజను కూత వేసిందంటే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. కూత వేయగానే మాట్లాడేవాడు ఎక్కడివాడక్కడ ఆగిపోవాలి, అది ముగిశాక అక్కడినుంచే ఎత్తుకోవాలి. మామయ్య మంచి మంచి దెబ్బలన్నీ కూత తరువాతకి దాచుకునేవాడు. నాకు మాత్రం ఆ కూత దేవుడిచ్చిన వరం, ఎందుకంటే మినిట్స్ రాసేది నేను.

ఇంటర్మీడియట్‌లో ఉండగా తాతగారే నన్ను ఆ పనికి పెట్టారు. వకీలు కదా, నలుగురు కూడిన చోట కాగితం లేకపోతే ఆయనకు ఊపిరాడేది కాదు. ప్రతి ఆదివారం ముందు కిందటి వారం మినిట్స్ చదవాలి, సవరణలున్నాయా అని అధ్యక్షులు, అంటే తాతగారు, అడగాలి, లేవంటే సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక అక్షరం మార్చరాదు. ఆ పెద్దవాళ్లందరి మధ్యలో వల్లెవాటు వేసుకుని కూర్చున్న ఆడపిల్లని నేనొక్కదాన్నే. గంటసేపు సాగిన మాటని నాలుగు వాక్యాల్లోకి దించడం నాకు చేతనయింది. నవ్వులూ, దగ్గులూ, సామెతలూ తీసేసి, వక్త ఇట్లు అభిప్రాయపడిరి, ప్రతివాది ఇట్లు ఖండించిరి అని గట్టి పాత భాషలో రాసేదాన్ని. లోకంలో ఏ విషయం మీదా ఏకీభవించని మా నాన్నగారు, మామయ్య నా మినిట్స్ తప్పులేనివన్న ఒక్క విషయం మీద మాత్రం ఏకీభవించేవారు. నా గర్వం ఎంతవరకు పోయిందో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. చెప్పులతోపాటు సిద్ధాంతాలు కూడా మెట్లమీదే వదిలి లోపలికి రావాలి. గోష్ఠి ముగిశాక అందరూ నడిచి ఆబిడ్స్‌లో ఇరానీ హోటలుకు పోయి టీ తాగి, అక్కడ మరో అరగంట కొట్టుకుని, ఒంటిగంటకు ఇంటికొచ్చేసరికి బావా బావమరిదుల మధ్య ఏమీ జరగనట్టే ఉండేది. పక్కపక్కనే కూర్చునేవారు. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకోవడం మీద తప్ప వాదనలుండేవి కావు. ఆ పంక్తిలోనే, మామయ్యకి అటువైపు, మా బావ కూర్చునేవాడు.

బావ మామయ్య కొడుకు. మేనరికం. నేను పుట్టినప్పుడే అనుకున్న మాట, నాకు ఇరవై వచ్చిన ఏడు వైశాఖంలో పెళ్లి చేసేద్దామని గట్టిపడింది. ఇప్పటి పిల్లలు మేనరికమంటే మొహం చిట్లిస్తారు, వాళ్ల డాక్టర్లు చెప్పింది నిజమే కావచ్చు. నాకు మాత్రం బావ అంటే ఇష్టం, దాచుకోవలసిన వయసు దాటిపోయింది కనుక చెబుతున్నాను. కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, సాయంత్రం కోఠీలో నా కాలేజీ గేటు దగ్గర కాకుండా నాలుగడుగుల అవతల నిలబడి, నా పుస్తకాలు అందుకుని, ఆబిడ్స్ మీదుగా నడిపించుకుని తీసుకొచ్చేవాడు. దారిలో పాత పుస్తకాల అంగడి కనబడితే ఆగేవాడు. సిద్ధాంతాలంటే అతనికి గిట్టేది కాదు. వీళ్లిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకోవడానికి ఇదొక భాష కనిపెట్టుకున్నారు, అంతే అనేవాడు. అతనన్నదే నిజం. పెద్ద పెద్ద చదువులు చదివిన మాకెవరికీ తట్టలేదు.

మా నాన్నగారి తండ్రి తర్కం చదివినవారు. ఎదుటివాడి పక్షాన్ని వాడికన్నా బాగా చెప్పలేనివాడికి దాన్ని ఖండించే అధికారం లేదని ఆయన అనేవారట. దాన్ని పట్టుకుని నాన్నగారు గోష్ఠిలో ఒక ఆచారం ప్రవేశపెట్టారు. ఏటా ఉగాది ముందు ఆదివారం పక్షమార్పిడి. ఆ రోజు నాన్నగారు మామయ్య సిద్ధాంతాన్ని నిలబెట్టాలి, మామయ్య నాన్నగారి సిద్ధాంతాన్ని. ఏడాదంతటికీ జనం ఎక్కువగా వచ్చేది ఆ రోజే. ఒకరి గొంతు ఒకరు అనుకరిస్తూ, ఒకరి ఉదాహరణలు ఒకరు దొంగిలిస్తూ, కడుపులు చెక్కలయ్యేటట్టు నవ్వించేవారు.

ఆ ఏడు మామయ్య ముందు లేచాడు. లాభమంటే ఓపికకు ప్రతిఫలమని నిరూపించడానికి తననే ఉదాహరణగా చూపించుకున్నాడు. మా బావగారు తండ్రిలేని ఒక పిల్లవాడిమీద ఆరేళ్లు అన్నం, చదువు పెట్టుబడి పెట్టారు, వాడు పైకొస్తాడో గాలికి తిరుగుతాడో ఆనాడు ఎవరికి తెలుసు, అంత నష్టభయానికి ఓర్చి ఇన్నేళ్లు ఎదురుచూశారు కనుకనే ఇవాళ ఆ పిల్లవాడి కొడుకు ఆయనకు అల్లుడవుతున్నాడు, ఇది ధర్మమైన లాభం కాదని ఎవరనగలరు అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను తలదించుకుని రాసుకున్నాను.

నాన్నగారు లేచారు. ఆ రోజు ఆయన కూలివాడి పక్షం. మామయ్య చూపిన ఉదాహరణనే అందుకున్నారు. ఆరేళ్లు వీడు తిన్నదేమిటి, రెండు పూటలా అన్నం. చేసిందేమిటి, నీళ్లు తోడాడు, పాలు తెచ్చాడు, నా కట్టలు మోశాడు, నా పెళ్లాం జ్వరంతో పడుకుంటే వంట కూడా చేశాడు. బతకడానికి చాలినంత పెట్టి, దానికి మించిన పనంతా నేను మింగాను, నేను పెట్టుబడిదారుణ్ని కాను, దోపిడీదారుణ్ని, వీడి కొడుకు నాకు లాభం కాదు, వీడికి నేను ఎగ్గొట్టిన కూలి అన్నారు. ఆ మాట దగ్గర బండి కూత వేసింది. నాన్నగారు ఆగారు. నేను వెనకబడిన వాక్యం పూర్తిచేసుకున్నాను. కూత ఆగాక అందరూ ఒక్కసారిగా నవ్వారు, మామయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆబిడ్స్‌కి పోయి టీ తాగారు. ఒంటిగంటకి వచ్చి పక్కపక్కన కూర్చుని భోంచేశారు. ఆ రోజు ఏమీ జరగలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

జరిగింది వారం తరువాత. అత్తయ్య పుట్టింటివారు తెనాలి దగ్గర బాగా ఉన్నవాళ్లు. ముహూర్తం మాట్లాడటానికి అత్తయ్య అన్నగారు వచ్చి మామయ్య ఇంట్లో దిగాడు. అక్క ఇంట్లో నన్ను కొడుకులా పెంచారని మామయ్య వాళ్ల దగ్గర పెళ్లినాటినుంచీ చెప్పుకుంటూ వచ్చినవాడు. తన బావగారి విద్వత్తు చూపించాలని ఆ ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని గోష్ఠికి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. కాబోయే పెళ్లికొడుకు మేనమామ వచ్చాడు కదా, కోడలికి ఎంత తెలివో చూపించాలని నేనూ అనుకున్నాను. రోజూకన్నా స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడమర్చి మినిట్స్ చదివాను. ఆ వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు. ప్రతివాది విద్యార్థి దశయందు వక్త ఇంట భోజనమునకు ప్రతిగా ఆరు సంవత్సరములు ఇంటిపని చేసెననియు, ఆ పని విలువ భోజనపు విలువను మించియుండెననియు, ఆ మిగులును వక్తయే అనుభవించెననియు సోదాహరణముగా నిరూపించిరి.

అంతే. నవ్వు లేదు, కూత లేదు, పక్షమార్పిడి అన్న మాట పైన శీర్షికలో ఉండిపోయింది, దాన్ని కొత్తగా వచ్చినాయన ఏం వినుంటాడు? చదవడం ఆపి తలెత్తేసరికి ఆయన మామయ్యవైపు చూస్తున్నాడు. ఆ చూపులో జాలి ఉంది. తిట్టినా బాగుండేది. తాతగారు ఎప్పటిలాగే సవరణలున్నాయా అని అడిగారు. మామయ్య లేచి నిలబడ్డాడు.

"సరిగ్గానే ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు" అన్నాడు. అత్తయ్య అన్నగారి చెయ్యి పట్టుకుని లేపి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

నాన్నగారు అప్పుడు ఒక్కమాట అంటే సరిపోయేది. అది మార్పిడి రోజు ఆటలో అన్నమాటయ్యా అని వచ్చినాయనతో చెబితే చాలు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. తాతగారు కలం పట్టుకుని చాలాసేపు ఆ కాగితంవైపు చూసి సంతకం పెట్టారు. ఇంట్లో అమ్మ ఆకులు వేసి మూడింటిదాకా కూర్చుంది. నాలుగింటికి ఆ ఆకులు నేనే తీశాను.

నోరు జారితే తీసుకోలేమంటారు గానీ, మా ఇంట్లో నోళ్లు ఏడాది పొడుగునా జారుతూనే ఉండేవి, ఎవరూ పట్టించుకోలేదు. నా కలమే జారింది, కాదు, జారనైనా లేదు, నేను జాగ్రత్తగా, గుండ్రటి అక్షరాలతో రాశాను. మామయ్యనుంచి కబురు వచ్చింది, తనని ఇంటి పనివాడిగా పెట్టుకున్నారని అత్తవారి ముందు తేలిపోయాక ఆ ఇంటిపిల్లని ఏ మొహంతో తెచ్చుకోనని. గోష్ఠిలో అందరి ముందూ ఆ ఉదాహరణ వెనక్కి తీసుకుంటే చాలన్నాడు. వాదంలో చెప్పిన ఉదాహరణ వెనక్కి తీసుకుంటే వాదమే వెనక్కి తీసుకున్నట్టని నాన్నగారు తిరుగు కబురు పంపారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కనీసం ఆ కుందేలు ఆయనదైనా కాదు. జీవితమంతా ఖండించిన సిద్ధాంతం కోసం, ఒక్క పూట అరువు తెచ్చుకున్న వాదం కోసం, ఆయన సొంత బావమరిదిని వదులుకున్నారు. అమ్మ ఇద్దరి మధ్యా నాలుగుసార్లు తిరిగి, ఐదోసారి చెప్పులు వేసుకోబోయి, మళ్లీ విప్పేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం తాతగారు నన్ను పిలిచి అరుగుమీద కూర్చోమన్నారు. ఆయనెప్పుడూ నన్ను కోప్పడలేదు, ఆనాడూ కోప్పడలేదు.

"బిడ్డా, కోర్టుల గూడ జడ్జి అన్ని మాటలు రాయించుకోడు. కొన్ని ఇడిచిపెడ్తడు. గా ముచ్చట నీకు నేర్పకపోతి, నాదే తప్పు" అన్నారు.

తరువాత వారంలో బావ నన్ను ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ముందు నిలబెట్టి మాట్లాడాడు. అతనొక ఉపాయం ఆలోచించాడు. నాన్నగారు అలా అనలేదనీ, నేనే తొందరలో పొరపాటుగా రాశాననీ మామయ్యకు నేను చెబితే చాలు. మామయ్యకి నిజం తెలుసు, అయినా నమ్మినట్టు నటిస్తాడు, మెట్టు దిగడానికి ఆయనకొక వంక కావాలి, అంతే.

"తప్పు రాశానని ఒక్క మాట చెప్పు. చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

నేనేమన్నానో విని మీరు నన్ను క్షమించనక్కర్లేదు, నేను క్షమించుకోలేదు. "రాసింది తప్పు కాదుగా బావా" అన్నాను.

నా వయసు ఇరవై. తండ్రి పోలిక, ఆయన మొండితనం, ఆ పాతిక మంది ముందు నా మినిట్స్‌కున్న పేరు. అబద్ధం చెప్పనని నేనేదో హరిశ్చంద్రుడి మనవరాలినైనట్టు తలెత్తి నిలబడ్డాను. బావ నా పుస్తకాలు నాకిచ్చేశాడు. అంతకుముందు ఎప్పుడూ ఇంటి గుమ్మందాకా తనే మోసేవాడు. రోడ్డు దాటి బస్సు ఎక్కేదాకా అతను వెనక్కి తిరుగుతాడని చూశాను. తిరగలేదు. పది రోజులకి మామయ్య దస్తూరితో కార్డు వచ్చింది, సంబంధం విరమించుకున్నామని. పెళ్లి విరమించుకోవడానికి కవరు కూడా దండగ అనుకున్నాడు కాబోలు, పోస్టుమాన్‌తో సహా అందరూ చదివారు.

నాకు ఆ తరువాత పెళ్లి కాలేదనుకోకండి. అయింది, మంచి మనిషే, నలభై ఏళ్లు కాపురం చేసి పోయారు. ఆయనతో నాకే గొడవా లేదు. చేదంతా అమ్మ దగ్గరుంది. రెండు వీధుల అవతల తమ్ముడుండగా అతని ఇంటి ముందునుంచి నడవకుండా ఉండటానికి అమ్మ కూరగాయలకు చుట్టుతిరిగి పోయేది. అరవై తొమ్మిదిలో ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని ఊరంతా అట్టుడికినప్పుడు, మా తాతగారు మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, వీళ్లు మా ఇంటోళ్లు అని వచ్చినవాళ్లకు చెప్పి పంపించినప్పుడు, ఈ వంకనైనా తమ్ముడు అక్కా ఎలా ఉన్నావని వస్తాడని అమ్మ ఎదురుచూసింది. అతను విజయవాడకు బదిలీ చేయించుకుని చెప్పకుండానే వెళ్లిపోయాడు. నాలుగేళ్ల తరువాత అతను పోయిన కబురు పన్నెండో రోజు కార్డులో తెలిసింది. కార్డు చదివి వినిపించింది నేనే. మా ఇంట్లో చదివి వినిపించే పని ఎప్పుడూ నాదే కదా. అమ్మ పైకి ఏడవలేదు. తలమీద నీళ్లు పోసుకుని వచ్చి, వాడికి గోంగూరంటే ఇష్టం అంది.

గోష్ఠి అంతకుముందే చచ్చింది. మామయ్య రాని ఆదివారాల్లో నాన్నగారు తన పత్రాలు తనే చదివారు. కాదనేవాడు లేని చోట ఆయన మాటకి పదునుండేది కాదు, ఎదుటివాడి ప్రశ్న తనే వేసుకుని తనే జవాబు చెప్పుకునేవారు. పాతిక మంది పది మందయ్యారు, పది మంది నలుగురయ్యారు, ఒక ఆదివారం తాతగారూ నేనూ మాత్రమే వచ్చాం. నేను మినిట్స్ పుస్తకం మూసి మా వాటాలోకి తెచ్చుకున్నాను.

డెబ్బైల చివర నాన్నగారు మంచాన పడ్డారు. ఒక మధ్యాహ్నం ఏం తోచిందో, ఆ పాత పుస్తకం తెచ్చి ఆ రోజు మినిట్స్ చదవమన్నారు. ఏ రోజని నేను అడగలేదు. చదివాను. ఆయన కళ్లు మూసుకుని విని, అయ్యాక మళ్లీ చదవమన్నారు. రెండోసారి విన్నాక కళ్లు తెరిచి నావైపు చూశారు.

"అప్పుడు నేను వాడి భుజంమీద చెయ్యి వేశానమ్మా. అది రాయలేదేం?" అన్నారు.

వేశారు. నేను చూశాను. బండి కూత వేస్తున్నంతసేపూ, మాటలు ఆగిపోయిన ఆ కాస్త వ్యవధిలో, ఆయన మామయ్య కుర్చీ దగ్గరికి నడిచి, భుజంమీద చెయ్యి వేసి, దగ్గరికి లాక్కుని ఊపారు. మామయ్య తల వాల్చి ఆయన నడుముకి ఆనించాడు. కూత ఆగేదాకా అలాగే ఉన్నారు. నేను తలెత్తి చూసి, అందులో రాయవలసిన మాటేమీ లేదని, వెనకబడిన వాక్యం పూర్తిచేసుకున్నాను. ఎగ్గొట్టిన కూలి అన్న మాటకు నాన్నగారి వివరణ ఆ చెయ్యేనని నాకు ఇరవై ఏళ్ల వయసులో తెలియలేదు. పుస్తకం మూసి ఆయన తలగడ పక్కన పెట్టాను. 

కాలేజీలో ముప్పై ఏళ్లు నల్లబల్లమీద ఆ సిద్ధాంతాలన్నీ రాశాను, చెరిపాను. ఎవరి పక్షం ఎంత నిజమో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా పోయింది. ఇప్పుడు కూలి గురించి, లాభం గురించి వాదించుకుని తిండి మానేసేవాళ్లు ఎక్కడా కనబడరు. టీవీలో అరుచుకునేవాళ్లు ఆ తరువాత కలిసి భోంచేయరు, కలిసి భోంచేసేవాళ్లు దేని గురించీ వాదించుకోరు. నాంపల్లిలో ఆ రాతి ఇల్లున్న చోట లాడ్జి లేచింది. పైనుంచి మెట్రో పోతూంటే మాటలాగవు, ఎవరి ఫోను వాళ్లది, సాగుతూనే ఉంటాయి. మాకేమో మాటలు మరీ ఎక్కువయ్యాయి, పక్కవాళ్లతో వీళ్లకి మరీ తక్కువయ్యాయి. ఏది మేలో చెప్పలేను గానీ, మా మాటలు మాత్రం మాకు మంచి చేయలేదు.

వాచ్‌మన్ జీతం సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. మూడో ఆయన వాదమే నెగ్గింది, పక్క బిల్డింగువాళ్ల భయంతో కొంత పెంచారు. లేచి రాబోతుంటే సెక్రటరీగారు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టి, పోయిన మీటింగు మినిట్స్, అందరూ పెట్టారు, మీరూ ఒకసారి చదువుకుని సంతకం పెట్టండమ్మా అన్నారు. కళ్లజోడు నా చేతిలోనే ఉంది. చదవకుండానే సంతకం పెట్టాను.